వీపును చూసేదెవరు?

నల్లగొండ నుంచి హైదరాబాదుకు దాదాపు వంద కిలోమీటర్లు. మహబూబ్‌నగర్ నుంచీ ఇంచుమించు అంతే. పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతి నేర్చుకుందామనుకునే వాళ్ళకు ముందు ఈ లెక్క తేలాలి. స్ప్రింగులు, తాళ్ళు, జారే బల్ల ఉన్న రిఫార్మర్ మీద ఒక్కరికే ఒక టీచర్ నిలబడి నేర్పే క్లాసు కావాలంటే మన వైపు వాళ్ళ చూపు జూబ్లీహిల్స్, గచ్చిబౌలి దిక్కే పోతుంది. మహాలక్ష్మి పథకం పుణ్యాన 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్ బస్సులో టికెట్టు ఖర్చు లేదు. పోయేది పొద్దు. గంట క్లాసు కోసం వెళ్ళి రావడానికి అయిదారు గంటలు. నడుం నొప్పి తగ్గించుకోవడానికి బస్సు సీట్లో నడుం విరగ్గొట్టుకోవడమన్నమాట.

రెండో రకం క్లాసు ఊళ్ళోనే దొరుకుతుంది. ఇరవై ముప్పై మంది వరసగా చాపలేసుకుని, ముందు మేడమ్ చేసింది చూసి చేసే బ్యాచ్. దాన్ని ఒకచోట యోగా అంటారు, ఇంకోచోట ఫిట్‌నెస్ అంటారు, ఈమధ్య పిలాటిస్ అనీ అంటున్నారు. అనొచ్చు కూడా. పిలాటిస్ అన్న పేరు ఎవరి సొంత ట్రేడ్‌మార్కూ కాదని 2000లోనే న్యూయార్క్ కోర్టు తేల్చేసింది. బోర్డు రాయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ రెండింట్లో ఏది అన్నదాన్ని మనవాళ్ళు డబ్బుతో తేల్చేస్తారు. ఉన్నవాళ్ళకు ప్రైవేటు, లేనివాళ్ళకు గ్రూపు. నాకు ఆ గీత తప్పుచోట గీసినట్టు కనిపిస్తుంది. యాభై నిమిషాల క్లాసులో పాతికమంది ఉంటే ఒక్కొక్కరి వంతుకు రెండు నిమిషాలు. నలుగురే ఉంటే పన్నెండు నిమిషాలు దాటుతుంది. కరపత్రం మీద మాత్రం రెండూ గ్రూపు క్లాసులే. పాతికమంది ఉన్నచోట టీచర్ తన చాప వదలదు, తానే చేసి చూపిస్తూ లెక్క పెడుతుంది. నలుగురున్నచోట తాను చేయదు, చుట్టూ తిరుగుతూ వంగి చూస్తుంది. నిజంగా పక్కపక్కన పెట్టి చూడాల్సింది ఈ రెండు పద్ధతులను. ప్రైవేటు క్లాసు ఆ రెండోదానికి దగ్గరి చుట్టం.

ఈ పద్ధతికి పేరిచ్చిన జోసెఫ్ పిలాటిస్ (1883–1967) బతుకులోనే ఈ రెండూ ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీవాడన్న కారణంగా బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని నాకలో శిబిరంలో నిర్బంధించింది. అక్కడ తోటివాళ్ళకు నేల మీద చేసే కసరత్తులు నేర్పాడంటారు. మంచం పట్టినవాళ్ళ మంచాలకు స్ప్రింగులు బిగించాడన్న కథా అక్కడిదే, కథగానే చెప్పుకుంటే మంచిది. 1926లో న్యూయార్క్ చేరి, భార్య క్లారాతో కలిసి ఎయిత్ అవెన్యూలో స్టూడియో పెట్టాక తీరు మారింది. ఎవరి వేళకు వాళ్ళు వచ్చేవాళ్ళు, ఎవరి వరస వాళ్ళు చేసుకునేవాళ్ళు. ఒకరు రిఫార్మర్ మీద ఉంటే ఇంకొకరు చాప మీద. భార్యాభర్తలిద్దరూ వాళ్ళ మధ్య తిరుగుతూ సరిచేసేవాళ్ళు. దెబ్బ తగిలి వచ్చినవాళ్ళను క్లారా ఓపిగ్గా చూసుకునేదని శిష్యులు చెప్పుకున్నారు. ఇవాళ్టి లెక్కలో ఆ గది ప్రైవేటూ కాదు, గ్రూపూ కాదు. అయితే 1945లో అచ్చేసిన పుస్తకంలో మాత్రం ఆయనే 34 చాప వ్యాయామాలను ఫొటోలతో వరసపెట్టి ఎవరింట్లో వాళ్ళను చేసుకోమన్నాడు. పాతికమంది బ్యాచ్‌కు ముత్తాత ఆ పుస్తకమే.

మనకు ఇంకా దగ్గరి సాక్ష్యం యోగా గురువు తిరుమలై కృష్ణమాచార్య (1888–1989). 1930లలో మైసూరు జగన్మోహన ప్యాలెస్ యోగశాలలో కుర్రాళ్ళకు గుంపుగా, చురుగ్గా నేర్పాడు. మహారాజు తరఫున ప్రదర్శనలిచ్చాడు. 1950లలో మద్రాసు చేరాక ఆయన గడప తొక్కినవాళ్ళు వేరు, రోగులు, నడివయసు దాటినవాళ్ళు. అదే మనిషి ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని, నాడి చూసి, ఊపిరి చూసి, ఎవరికి సరిపడేది వాళ్ళకు చెప్పాడు. మైసూరులో ఉండిపోయిన శిష్యుడు పట్టాభి జోయిస్ మధ్యదారి పట్టాడు. గదినిండా జనం ఉంటారు, ఎవరి ఆసనం వాళ్ళు వేస్తుంటారు, గురువు నడుస్తూ ఒక్కొక్కరి దగ్గర ఆగుతాడు. పన్నెండేళ్ళ కుర్రాడి వీపుకు గుంపు సరిపోయింది. అరవై ఏళ్ళ వీపు ముందుకొచ్చాక కృష్ణమాచార్యే పద్ధతి మార్చుకున్నాడు.

మళ్ళీ పిలాటిస్‌కు వస్తే, చాప వరసలో మొదటి వ్యాయామం హండ్రెడ్. వెల్లకిలా పడుకుని తల, భుజాలు లేపాలి. కాళ్ళు చాచి గాల్లో నిలపాలి. చేతులు తుంటి పక్కన చిన్నగా ఆడిస్తూ అయిదు లెక్కలు ఊపిరి పీల్చి, అయిదు లెక్కలు వదలాలి. అలా పదిసార్లు చేస్తే వంద. మేడమ్‌ను చూసి చేసే మనిషికి ఆకారం వచ్చేస్తుంది. ఈలోగా గడ్డం పైకి లేచి మెడ బిగుసుకుంటుంది. లోపలికి పోవాల్సిన పొట్ట నట్టనడుమ ఉబ్బుతుంది. నడుం నేలను వదిలి అరచెయ్యి దూరేంత సందు ఏర్పడుతుంది. ఈ మూడూ చేసేవాళ్ళకు కనపడవు. పైగా మేడమ్ ఎన్నో లెక్కలో ఉందో చూద్దామని మెడ తిప్పితే మెడ పని ఇంకా చెడుతుంది. పక్కన నిలబడ్డ టీచరైతే, "అక్కా, తల దించెయ్. మోకాళ్ళు మలువు. ఇప్పుడు నా వేళ్ళు నీ నడుం కింద నలగాలె" అని చెయ్యి పెట్టి చూస్తుంది. వంద ముప్పైకి దిగుతుంది, ఆ ముప్పై మాత్రం పొట్టకు తెలుస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. ఆ కోతలకు తోడు, కాన్పులతో పొట్ట కండరాలు మధ్యలో విడిపోయి మళ్ళీ సరిగా కలవనివాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారనుకోవడమే క్షేమం. వెనక వరసలో ఉబ్బిన పొట్టను ముందు వరసలోంచి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇక మన వీపుల సంగతి. నాట్లేసే మనిషి, పత్తి ఏరే మనిషి, మట్టి తట్ట ఎత్తే పాలమూరు కూలీ రోజంతా ముందుకు వంగే ఉంటారు. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి గుంట మగ్గాల మీద కూర్చున్నవాళ్ళ పనీ అంతే. వీళ్ళెవరూ పిలాటిస్‌కు రారు కదా అంటారేమో. ఇవాళ టౌన్లో చాప కొన్న యాభై అయిదేళ్ళ టీచరమ్మ, కాలేజీకి వచ్చేదాకా సెలవుల్లో నాట్లేసిన పిల్లే కావచ్చు. చాప వరసలో మొదట వచ్చేవి చాలామటుకు ముందుకు ముడుచుకునేవే. వీళ్ళకు కావాల్సింది వెనక్కి సాగడం. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ఎముకలు గుల్లబారిన 59 మంది ఆడవాళ్ళ ఎక్స్‌రేలు పోల్చి చూశారు. వెన్ను వెనక్కి సాచే వ్యాయామాలు చేసినవాళ్ళలో 16 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నలిగాయి. ముందుకు వంగేవి చేసినవాళ్ళలో 89 శాతం మందికి. చిన్న అధ్యయనమే, అయినా నలభై దాటినవాళ్ళందరి చేతా ఒకే వరస చేయించే ముందు ఆగి ఆలోచించడానికి చాలు.

నల్లగొండకు ఇంకో పీటముడి ఉంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, దేవరకొండ వైపు దశాబ్దాల తరబడి బోరునీళ్ళతో ఫ్లోరైడ్ ఎముకల్లోకి చేరింది. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్నది నియమం. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళొచ్చాయి గాని, అంతకుముందు తాగినది ఎముకల్లోంచి అంత తొందరగా పోదు. జబ్బు ముదిరినచోట వెన్ను చుట్టూ ఉండే లిగమెంట్లు గట్టిపడతాయి. తల తిప్పమంటే మనిషే తిరుగుతాడు. అంతదాకా రానివాళ్ళు పైకి మామూలుగానే ఉంటారు, పొద్దున లేవగానే కాస్త బిగువు అంతే. స్కానులో వాళ్ళ ఎముక సాంద్రత తక్కువగా కాదు, ఎక్కువగా కనపడవచ్చు. 1990లో వెలువడిన మేయో క్లినిక్ పరిశోధనే ఇంకొకటి ఉంది. ఎముకలు గుల్లబారినవాళ్ళకు మందుగా ఫ్లోరైడే ఇచ్చి చూశారు. నాలుగేళ్ళకు నడుం పూసల సాంద్రత 35 శాతం పెరిగింది, అవి విరగడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మిగతా ఎముకలు విరగడం పెరిగింది. అందుకని రిపోర్టు బాగుందన్న ధైర్యంతో, వీపు గుండ్రంగా చుట్టి దొర్లే వ్యాయామం పాతికమందితో పాటు చేయడం ఆ వైపు ఊళ్ళలో పెరిగినవాళ్ళకు తగదు. వాళ్ళకు మొదటి మెట్టు ఫిజియోథెరపిస్టు. పిలాటిస్ ఆ తరువాతి మాట.

ఇంతవరకు చదివి ప్రైవేటుకే ఓటేస్తున్నానని అనుకోవద్దు. ప్రైవేటుకు దాని జబ్బులు దానికున్నాయి. ప్రతి కదలికనూ ఎవరో సరిచేస్తుంటే నేర్చుకునే మనిషి తన ఒంటిని తాను వినడం మానేస్తుంది. టీచర్ ఊరెళ్ళిన వారం చాప చుట్టే ఉంటుంది. ఇంటికొచ్చి నేర్పే సార్ అంటే మన ఇళ్ళలో అదో పంచాయితీ. అత్తగారు హాల్లో కూర్చుంటే వెల్లకిలా పడుకుని కాళ్ళెత్తే కోడలెవరు? ఫోనులో ప్రైవేటు క్లాసంటే గోడకానించిన కెమెరాకు ఒక పక్కే కనపడుతుంది. నడుం కింద వేళ్ళు పెట్టి చూడటానికి చెయ్యి లేదు. ఇరవై నాలుగు క్లాసుల డబ్బు ముందే కట్టించుకునే ప్యాకేజీ ఎవరి మేలు కోసమో వేరే చెప్పక్కర్లేదు.

గ్రూపు చేసే పని ఒకటుంది, అది ఎంత మంచి ప్రైవేటు టీచరూ చేయలేదు. గడప దాటిస్తుంది. "మా బ్యాచోళ్ళు పిలుస్తున్నరు" అన్న మాటకు ఇంట్లో ఉన్న విలువ "నా నడుం కోసం పోతున్నా" అన్నదానికి లేదు. మహబూబ్‌నగర్‌లో బురఖా వేసుకునే ఇళ్ళ ఆడవాళ్ళకు తలుపేసుకున్న లేడీస్ బ్యాచ్ తప్ప ఇంకో దారి లేనే లేదనొచ్చు. పొద్దున ఆరింటికి రాకపోతే పక్క చాపామె ఫోన్ చేస్తుంది. అలా మానకుండా చేయడమే సగం మందు. పిలాటిస్, నడుం నొప్పుల మీద 2015లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 510 మందితో జరిగిన 10 పరిశోధనలను కలిపి చూసింది. ఏమీ చేయకుండా ఉండటం కన్నా, పేరుకు ఏదో చేయడం కన్నా పిలాటిస్ మేలని చెప్పింది. మిగతా వ్యాయామాల కన్నా మేలని మాత్రం తేల్చలేకపోయింది. రిఫార్మర్ కోసం వారానికి రెండుసార్లు వంద కిలోమీటర్లు పోవాలా అన్న ప్రశ్నకు నాకు ఆ జవాబు చాలు.

గుంపుకు పరాకాష్ట చూడాలంటే 2025 జూన్ 21న విశాఖ చూడాలి. ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. పండుగగా అది గొప్పదే. ఆ పండుగ నమూనాను రోజువారీ క్లాసుకు తెచ్చుకోవడంతోనే వచ్చింది చిక్కంతా. దానికి భిన్నంగా, తెలంగాణ పట్టణాల తాలీంఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, ఉస్తాద్ మైకు పట్టుకోలేదు. కుర్రాళ్ళు దండీలు, బైఠకులు తీస్తుంటే పక్కన నిలబడి, ఎవడి మోకాలు పక్కకు పోతోందో వాడి పేరు పెట్టి కేకేసేవాడు. ఎయిత్ అవెన్యూ గదికీ ఆ మట్టిగదికీ ఈ విషయంలో తేడా లేదు.

ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇంతే. మొదట రెండు మూడు క్లాసులు ఒంటరిగా తీసుకోండి. కాన్పులు, ఆపరేషన్లు, ఏ ఊళ్ళో ఏ నీళ్ళు తాగి పెరిగారో అన్నీ చెప్పండి, ఏవి చేయకూడదో కాగితం మీద రాయించుకోండి. తరువాత అయిదారుగురికి మించని బ్యాచ్‌లో చేరండి. అలాంటిది లేకపోతే మీరే నలుగురు కూడి టీచర్ గంటను పంచుకోండి. తలా పావు వంతు పడుతుంది, నల్లగొండలో అయినా పాలమూరులో అయినా అది మోయలేని బరువు కాదు. డబ్బు కట్టే ముందు ఒక పొద్దున తలుపు దగ్గర నిలబడి క్లాసు మొత్తం చూడండి. మొదటినుంచి చివరిదాకా టీచర్ తన చాప మీదే ఉంటే, ఆ నెల ఫీజు కట్టొద్దు.