మూడు గుళ్ల సాక్ష్యం

అమెరికాలో తూటాలు సొంతంగా కూర్చుకోవడం పాత వ్యాపకం. పేలిన ఇత్తడి కేసులు ఏరుకొచ్చి, తుడిచి, మూతి సరిచేసి, కొత్త ప్రైమర్ ఎక్కించి, మందు తూచి పోసి, పైన గుండు బిగిస్తారు. హ్యాండ్‌లోడింగ్ అని దానికి పేరు. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల్లో ఇది కంసాలి పనికి తీసిపోదు. ఆ పోటీలను దశాబ్దాలుగా ఏలుతున్న 6 పీపీసీ తూటా కూడా 1970లలో పాల్మిసానో, పిండెల్ అనే ఇద్దరు ఔత్సాహికుల చేతుల్లో రూపు దిద్దుకున్నదే. తూటాలు కూర్చుకునేవాళ్లు మందు తూకంలో గ్రెయిన్‌లో పదోవంతు తేడాను కూడా పట్టించుకుంటారు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, అంటే కంసాలి తూకానికి వాడే గురివింద గింజలో సగానికి కాస్త ఎక్కువ. అందులో పదోవంతు! ఈ శ్రమంతా వృథా అనను. దానిలో ఎంత భాగం గురికి పనికొచ్చింది, ఎంత భాగం మనసు తృప్తికి పోయింది అని తేల్చే దగ్గరే చాలామంది బోల్తా పడుతున్నారంటాను.

ముందు శ్రమకు దక్కాల్సిన న్యాయం చేద్దాం. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీకి వాడేది పాయింట్ 22 తూటా. సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయల్దేరిన గుండు టార్గెట్ చేరేలోగా భూమ్యాకర్షణ వల్ల 12, 13 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ప్రతిసారీ అంతే దిగితే చిక్కేమీ లేదు, సైట్లు దానికి తగ్గట్టు సర్దుకుంటాం. ఒక తూటాకూ మరో తూటాకూ వేగంలో పది మీటర్ల తేడా వస్తే మాత్రం, లెక్క ప్రకారం గుండు తగిలే చోటు ఏడెనిమిది మిల్లీమీటర్లు మారుతుంది. పదో వలయం వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు. కాబట్టి కావాల్సింది గొప్ప తూటా కాదు, ఒకదాన్ని పోలిన మరో తూటా. హ్యాండ్‌లోడింగ్‌లో పడే తంటాలన్నీ ఈ పోలిక కోసమే.

పాయింట్ 22ను ఇంట్లో కూర్చుకోవడం కుదరదు. పేలే రసాయనం కేసు అంచులోనే ఉంటుంది, ఒకసారి పిన్ను దెబ్బకు నలిగిన అంచు మళ్లీ పనికిరాదు. పైగా మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఏ తూటా తయారుచేసినా నేరమే. ఇక మిగిలింది పరీక్ష. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర ఉన్నా లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) మారితే తూటా నడత మారుతుంది. ఒక రైఫిల్‌కు నప్పిన లాట్ పక్క రైఫిల్‌కు నప్పకపోవచ్చు. అందుకే పెద్ద క్రీడాకారులు రైఫిల్‌ను బిగింపులో పెట్టి, లాట్ తర్వాత లాట్ కాల్చి చూసి, నచ్చినదాన్ని పెట్టెలకు పెట్టెలు కొని దాచుకుంటారు.

అసలు చిక్కు ఆ కాల్చి చూడడంలోనే ఉంది. తూటాలు సొంతంగా కూర్చుకునేవాళ్లు మూడు గుళ్లు కాలుస్తారు. మూడూ దగ్గరగా పడితే ఈ మందు బాగుందంటారు, చెదిరితే పదోవంతు గ్రెయిన్ మార్చి మళ్లీ మూడు కాలుస్తారు. గుళ్లు యాదృచ్ఛికంగా చెదురుతాయనుకుని లెక్క వేయండి. మూడు గుళ్ల గ్రూపు (ఎక్కువ ఎడంగా పడిన రెండు గుళ్ల మధ్య దూరం) సగటున 24 మిల్లీమీటర్లు వచ్చే తూటానే, ఏమీ మార్చకుండా మళ్లీ మళ్లీ మూడేసి కాలిస్తే, ఒకసారి 15, మరోసారి 33 రావడం మామూలు. అదే తూటాతో పది గుళ్లు కాలిస్తే గ్రూపు సగటున 38 దాకా విచ్చుకుంటుంది. తూటా చెడిపోలేదు, దాని అసలు రూపం బయటపడింది, అంతే. కాబట్టి 15 చూసి మురిసి రాసుకున్న తూకం కాకతాళీయం. కాకి వాలిందని తాటిపండు పడలేదు.

దీనికొక ఆక్షేపణ ఉంది: నమ్మదగ్గ సాక్ష్యం కోసం ముప్పై గుళ్లు కాల్చాలంటే డబ్బు, పైగా గొట్టం అరుగుదల. నిజమే. అయితే ఒక్కరోజే కాల్చమని ఎవరన్నారు? వారానికి ఒకటి చొప్పున ఐదేసి గుళ్ల టార్గెట్లను పారేయకుండా తేదీ వేసి దాచి, గురి బిందువులు కలిసేలా ఒకదానిపై ఒకటి పెట్టి చూస్తే ఆరు వారాల్లో ముప్పై గుళ్ల సాక్ష్యం చేతికొస్తుంది. మూడు గుళ్లకో తూకం మార్చేవాడే ఎక్కువ మందు తగలేస్తున్నాడు. (మూడు గుళ్లకూ ఒక ఉపయోగం లేకపోలేదు. మూడే బాగా చెదిరితే ఆ తూటాను అక్కడే వదిలేయొచ్చు. చెడ్డదని తేల్చడానికి చాలిన సాక్ష్యం మంచిదని తేల్చడానికి చాలదు.)

ఇంకో ఆక్షేపణ ఇంతకంటే బలమైనది. తప్పంతా మనిషి చేతిలో ఉంటే తూటాను తూచి ఏం లాభం? దీనికీ లెక్కే సమాధానం. ఈ తప్పులు నేరుగా కలవవు, వాటి వర్గాలు కలుస్తాయి. చేతి తప్పు 20, తూటా తప్పు 6 అయితే మొత్తం దాదాపు 21. తూటా తప్పు సగానికి తగ్గించినా 20 దిగదు. కొత్తగా నేర్చుకునేవాడు త్రాసు కొనడం కంటే శ్వాస అదుపు చేసుకోవడం మేలు. అదే చేతి తప్పు 8కి దిగినవాడు తూటా తప్పును సగం చేస్తే మొత్తం 10 కాస్తా ఎనిమిదిన్నర అవుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్‌కు 701.1తో కాంస్యం వచ్చింది. రజతం 701.5 దగ్గర ఉంది. ఆ టార్గెట్ మీద 0.4 పాయింట్లంటే ఒక్క మిల్లీమీటరు. అలాంటి చోట పెల్లెట్ల లాట్ పరీక్షను చాదస్తం అనడం కుదరదు.

మీరు క్లబ్బులో పాయింట్ 22 కాల్చేవారైతే ఈ వారం ఒక పని చేయండి. కాల్చిన ప్రతి టార్గెట్ మీదా పెట్టెపై ఉన్న లాట్ నంబరు రాయండి, ముప్పై గుళ్లు పూర్తయ్యేదాకా ఏ లాట్ మీదా తీర్పు చెప్పకండి.