ద్రాక్షతోట పితామహుడు: పేరెవరిది, పని యెవరిది?

పొట్ట చేతబట్టుకొని పరదేశమేగి, అచట నొక పరిశ్రమకు పాదువేసినవారి కథలనిన మనకు సహజముగనే మక్కువ. తరతరములుగా కన్నడసీమలో స్థిరపడిన తెలుగువారము గదా! మన సభలలోను ‘ఈ పేటను నిలబెట్టినది మావాడే’ యను మాట తరచుగా వినబడుచుండును. అట్టి మాట యెంతవరకు నిజమో విచారించుట అభిమానద్రోహము కానేరదు. ఈ సంగతిని తెలుపుటకు, కాలిఫోర్నియా ద్రాక్షాసవ పరిశ్రమకు పితయని కొనియాడబడిన ఆగోస్టన్ హరస్తి కథను విమర్శకు గైకొనుచున్నాను. నేను ఆసవము ముట్టినవాడను గాను. నా ప్రస్తావన చరిత్రను గూర్చి మాత్రమే.

హరస్తి 1812లో హంగేరీదేశమున, పెస్టు నగరమున జన్మించెను. 1840లో అమెరికా చేరి, విస్కాన్సిన్ ప్రాంతమున నొక పట్టణమునకు శంకుస్థాపన చేసెను. 1849లో కాలిఫోర్నియాకు తరలి, శాన్ డియెగోలో షెరీఫు పదవి వహించెను. తుదకు 1857 ప్రాంతమున సొనోమా లోయలో బ్యూనావిస్టా యను ద్రాక్షతోటను స్థాపించెను. 1861లో ఐరోపా యంతయు తిరిగి, వందలకొలది రకముల ద్రాక్షకొమ్మలను లక్షవరకు తెచ్చెను. మరుసటి యేడు ఆ యాత్రను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. 1869లో నికరాగ్వాదేశమున అదృశ్యుడయ్యెను. నదిలో పడి మొసలివాత బడెనని జనులు తలచిరి. ఇంతటి జీవితము చుట్టు కథలల్లుకొనుట వింతగాదు.

ఆ కథలలో ముఖ్యమైనవి రెండు. కాలిఫోర్నియాలో ఆసవమునకు ఆద్యుడు ఆయనయే యనునది మొదటిది. ఇది నిలువదు. క్రైస్తవ మిషనుల ఫాదిరీలు పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగముననే అచట ద్రాక్ష నాటిరి. ఫ్రాన్సునుండి వచ్చిన జాఁ లూయి విన్య 1830 దశకముననే లాసేంజిలిసులో తోట పెంచి ఆసవము తీసెను. జిన్‌ఫాండెల్ అను ప్రసిద్ధమైన ద్రాక్షను తెచ్చినది హరస్తియే యనునది రెండవది. ఈ మాటను ప్రచారము చేసినవాడు ఆయన కుమారుడు అర్పాద్. చరిత్రకారుడు చార్లెస్ సల్లివన్ పాత కాగితములు వెదకి, ఆ ద్రాక్ష 1830 దశకముననే అమెరికా తూర్పుతీరపు నర్సరీలలో నున్నదని చూపెను. 2001లో శాస్త్రజ్ఞులు జన్యుపరీక్ష చేసి, దాని పుట్టిల్లు క్రొయేషియా తీరమని తేల్చిరి. తండ్రిపై ప్రేమచే కుమారుడు పలికిన మాట నూరేండ్లు చరిత్రగా చెల్లినది!

ఇట్లనిన హరస్తి చేసినదేమియు లేదనుట కాదు. 1858లో రాష్ట్ర వ్యవసాయ సంఘము కోరగా ద్రాక్షసాగుపై నివేదిక వ్రాసి, అచటి రైతులకు దారి చూపెను. నీటి పారుదల లేకయే కొండవాలులందు ద్రాక్ష పండునని చేసి చూపెను. నాపాలోయలో పేరొందిన జర్మను వలసదారు చార్లెస్ క్రూగు ఆయనవద్ద పని నేర్చినవాడే. తెచ్చిన కొమ్మలకు రాష్ట్ర శాసనసభ ఖర్చు చెల్లింపలేదు. పంపిణీ భారము వహింపలేదు. ఆయనయే వాటి నమ్ముకొనవలసి వచ్చెను. అయినను అదే మనిషి తొందరపాటున తీగెలను మరీ దగ్గరగా పెంచి, వాటాదారుల విశ్వాసము పోగొట్టుకొని, తన తోటనే విడువవలసివచ్చెను. గుణదోషములు రెండును ఒకే చేతివి.

ఇంకొక మాట. బ్యూనావిస్టా కొండను తొలిచి ఆసవమునకు చల్లని గుహలు త్రవ్వినవారు చీనా కూలీలు. వారును వలసవచ్చినవారే. 1882లో అమెరికా ప్రభుత్వము శాసనము చేసి చీనా కూలీలకు వాకిలి మూసినది. హరస్తి పేరు తరతరములకు నిలచినది. ఆ కూలీల పేర్లు ఎవరి నాలుకపైనను లేవు. ముప్పదియేండ్లు దస్త్రముల నడుమ గడపిన గుమాస్తాను నేను. ఫైలు మీద పెద్ద సంతకము ఒకటే యుండును. లోపలి పుటలలో చిన్న సంతకములెన్నో యుండును.

ఈ తూకము నాకును తప్పలేదు. మా పేటలోని తెలుగుబడిని స్థాపించినది మా తాతగారేయని చిన్ననాటినుండి వింటిని. పదిమందికిని చెప్పితిని. విశ్రాంతి దొరకిన పిమ్మట పాత రసీదు పుస్తకములు తిరుగవేయగా, ఆయనకు ముందే ముగ్గురు పెద్దలు పిడికెడు బియ్యము, అణాలు వసూలుచేసి, అరుగుమీద బడి నడపిరని తేలినది. ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. కాని తాతగారు ఆ బడికి పెంకుటిల్లు కట్టించిరి. ఆ పద్దును అదే పుస్తకమున కలదు. అది చిన్నపనియా? లేని పేరు తీసివేసినచో ఉన్న పేరు మరింత గట్టిపడును.

కావున ఇట్టి సంచికలలో మన పూర్వుల చరిత్రలు వ్రాయు సోదరులకు నా విన్నపమొక్కటే. ‘పిత’, ‘ఆద్యుడు’ అను బిరుదులు పంచుటకు ముందు రసీదు పుస్తకము తెరువుడు. ఆ ముగ్గురి పేర్లును సంఘము వారి కొప్పగించితిని. మా తాతగారి పేరునకు పైవరుసలో వానిని అచ్చువేయింప ప్రార్థన.