స్కూటర్ వదిలేసిన క్షణం

2023లో రాయ్‌పూర్ మల్టీప్లెక్సులో ‘మిషన్ ఇంపాజిబుల్’ ఏడో సినిమా హిందీ డబ్బింగు చూస్తున్నాం. టామ్ క్రూజ్ మోటారుసైకిల్‌తో సహా కొండ అంచు నుంచి గాల్లోకి లేచాడు. పక్క సీట్లో మావయ్య, ఇక్కడి వాగన్ షాపులో రిటైరైన విజయనగరం మనిషి, కుర్చీ చెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టారు. పారాచ్యూట్ విచ్చుకున్నాక, “మన కృష్ణ స్కూటర్ వదిలేసినట్టే వదిలాడ్రా!” అన్నారు.

నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే, మావయ్య పోలికలో తప్పేం కనబడలేదు.

‘తేనె మనసులు’ (1965) ఆదుర్తి సుబ్బారావు కొత్తవాళ్లతో తీసిన కుటుంబకథ. చివర్లో హీరో కృష్ణ స్కూటర్ మీద కారును వెంటాడి, స్కూటర్ వదిలేసి కారు మీదికి దూకుతాడు. డూపు లేడు. ఆ దూకుడు నచ్చే నిర్మాత డూండీ ‘గూఢచారి 116’ (1966)కు కృష్ణను తీసుకున్నారు. దానికి కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ మరుసటేడే అదే కథతో జితేంద్ర హీరోగా హిందీ ‘ఫర్జ్’ తీశాడు. విజయనగరంలో తెలుగు సినిమా చూసిన మావయ్య, రాయ్‌పూర్‌లో ‘ఫర్జ్’ చూసి “ఇది మనదే” అన్నారట. 1931లో పూర్తయిన విజయనగరం-రాయ్‌పూర్ రైలుమార్గం మా వాళ్లను ఇక్కడికి చేర్చింది. 116 నంబరు మాత్రం బొంబాయి మీదుగా చుట్టు తిరిగొచ్చింది. తర్వాత ‘జేమ్స్ బాండ్ 777’, ‘ఏజెంట్ గోపి’, ‘రహస్య గూఢచారి’, ‘గూఢచారి 117’తో కృష్ణ ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయిపోయాడు.

డూపు అంటే ప్రేక్షకుడికి కనబడేది వీపే. దూరం నుంచి డూపు దూకుతాడు, దగ్గర్లో హీరో దుమ్ము దులుపుకుంటాడు, మధ్యలో కత్తెర. కింద అట్టపెట్టెలో, గాలి నింపిన పరుపో ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేములకు బదులు ఇరవై లోపు తీస్తే తెర మీద పరుగు వేగం పెరుగుతుంది. ఇంకా తగ్గిస్తే కామెడీ అవుతుంది. ఇవన్నీ పనికొచ్చేవే. కానీ ముఖం, ఎత్తు, దూకడం మూడూ కోత లేని ఒకే షాటులో కనబడితే వచ్చే గుబులు వేరు. గూఢచారి కథకు అది మరీ అవసరం. వేషం మార్చేవాడు, పేరు మార్చేవాడు, వాడు చెప్పే మాట ఒక్కటీ నమ్మలేం. వాడి ఒళ్లు గాల్లో ఉంటే మాత్రం నమ్ముతాం.

2011లో విడుదలైన ‘మిషన్ ఇంపాజిబుల్’ సినిమా కోసం 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా గోడ మీద క్రూజ్ నిజంగానే వేలాడాడు. కంప్యూటర్ చేసింది నడుముకున్న తాళ్లు చెరిపేయడం. నార్వే కొండ మీద ఆ మోటారుసైకిల్ దూకుడు ఒక్కరోజులో ఆరుసార్లు చేశాడు, అదీ షూటింగ్ తొలిరోజున. తనకేమైనా అయితే మిగతా డబ్బు ఖర్చవకముందే తెలిసిపోతుందని! 2017లో లండన్ మేడల మధ్య దూకి చీలమండ విరగ్గొట్టుకుంటే, ఆ షాటునే సినిమాలో ఉంచారు.

నాకన్నిటికన్నా నచ్చేది మాత్రం 1977 నాటి బాండ్ సినిమా ‘ది స్పై హూ లవ్డ్ మి’. మంచుకొండ అంచు నుంచి రిక్ సిల్వెస్టర్ బాండ్‌కు డూపుగా స్కీలతో జారి పడిపోతుంటే సంగీతం ఆగిపోతుంది. పారాచ్యూట్ విచ్చుకునేదాకా నిశ్శబ్దమే. ముఖం కనబడకపోయినా ఆ పడే మనిషి నిజమని ఆ నిశ్శబ్దం ఒప్పిస్తుంది. మన సినిమాల్లో ఇప్పుడు హీరో తన్నితే పదిమంది రోపుల మీద ఎగిరిపోతున్నారు. ఎవరికీ బరువే ఉండదు, ఇక భయమెక్కడిది?

2027లో విడుదలయ్యే సినిమాలకు, అంటే 2028 వేడుకలో, తొలిసారి స్టంట్ డిజైన్‌కు ఆస్కార్ ఇవ్వబోతున్నారు. మన దేశంలో 2017లోనే ‘పులిమురుగన్’ పోరాటాలకు పీటర్ హెయిన్ జాతీయ అవార్డు అందుకున్నాడు. ఈ ఒక్క లెక్కలో హాలీవుడ్ మనకంటే పదకొండేళ్లు వెనక.