మా నిఖాకి మీరడిగే ఫోటో

మా నిఖాలో దుల్హా ఒకచోట, దుల్హన్ ఒకచోట. అతను షామియానా కింద మగాళ్ల మధ్య. ఆమె లోపలి గదిలో, తలమీద ముసుగుతో, ఆడాళ్ల మధ్య. వకీలూ ఇద్దరు సాక్షులూ లోపలికెళ్లి, ఫలానావారి అబ్బాయితో ఇంత మెహర్‌కి నిఖా నీకు ఖుబూలేనా అని అడుగుతారు. ఆమె ఔనన్నాకే బయట ఖాజీ అతన్ని అడుగుతాడు. పిల్ల నోటిమాట లేనిదే పెళ్లి లేదు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుందని మేం అనుకునేవాళ్లం, నాతవరంలో మాకు బాగా కావాల్సిన ఇంటి పిల్ల వీసా ఫైలు చూసేదాకా.

ఆమె మొగుడు అమెరికాలో ఉంటాడు. అక్కడి పౌరుడు. ఆల్బంలో వందల ఫోటోలున్నాయి. నిఖా నాటి వాటిలో ఇద్దరూ కలిసున్నది ఒక్కటీ లేదు. కాగితాలు సర్దిపెట్టే ఏజెంటు తల అడ్డంగా ఊపాడు. "మీవాళ్ల పెళ్లిళ్లతో ఇదే తలనొప్పండీ. తలంబ్రాలో, తాళో, చూపించడానికి ఏదోటి ఉండాలి గదా" అన్నాడు. సరే, మొగుడు సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దర్నీ నర్సీపట్నం తీసుకెళ్లి, పెళ్లిబట్టలు కట్టించి, స్టూడియోలో కాగితం పూలచెట్టు పక్కన నిలబెట్టి ఫోటో తీయించారు. వెనక తేదీ నిజమే రాశారు. ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టింది ఆ ఫోటోనే.

కథనీ కవితనీ చదివినట్టే ఈ ఫైలునీ చదవాలని మాకనిపించింది. అదీ ఒక రచనే. పెళ్లంటే ఏమిటో దానికో నమ్మకం ఉంది. ఎవరు మాట్లాడాలో, ఎవరు ఊరుకోవాలో అది ముందే తేల్చేసింది. ఐ-130 అనే దరఖాస్తులో మొగుడు పిటిషనరు, పెళ్లాం బెనిఫిషియరీ, అంటే లబ్ధిదారు. రేషన్ కార్డు మాటలా లేదూ? నిఖానామాలో ఆమె ఒక పక్షం. ఇక్కడికొచ్చేసరికి లబ్ధి పొందే మనిషి.

1952 నాటి అమెరికా ఇమిగ్రేషన్ చట్టం భార్యాభర్తలంటే ఎవరో చెబుతూ ఒక మెలిక పెట్టింది. పెళ్లి సమయాన ఇద్దరూ ఒకరి సమక్షంలో ఒకరు లేకపోతే ఆ పెళ్లి లెక్కలోకి రాదు, ఆ తర్వాత కాపురం చేసి ఉంటే తప్ప. ఒకరొక దేశంలో, ఒకరింకో దేశంలో ఉండి చేసుకునే పెళ్లిళ్లకు తగిలే మెలిక అది. ఫోన్లో నిఖాలు చదివించే మనవాళ్లు తెలుసుకోవాల్సిందే. మా పరదా కోసం పెట్టింది కాదు, ఒప్పుకుంటాం. కాపురం చేస్తున్న జంటని ఆ ఒక్క ముక్కతో వెనక్కి పంపరు కూడా. కానీ పరదాకి అటొకరూ ఇటొకరూ కూచుంటే అది "సమక్షం" అవుతుందా కాదా అని మాలో మేమే వాదించుకోవాల్సి వచ్చింది. ఎదురెదురుగా నిలబడి, ఉంగరాలు మార్చుకుని, అందరి ముందూ ముద్దుపెట్టుకునే పెళ్లిని మనసులో పెట్టుకుని రాసిన వాక్యంలా ఉందది. 1986లో దీనికి ఇంకో అనుమానం కలిసింది. పెళ్లయి రెండేళ్లు నిండకుండా వెళ్లిన భార్యకి షరతు మీద రెండేళ్ల గ్రీన్‌కార్డే ఇస్తారు. ఆ షరతు తీయించుకోవడానికి మొగుడితో కలిసి మళ్లీ దరఖాస్తు పెట్టాలి. మొగుడి చేత దెబ్బలు తినే భార్య అతని సంతకం లేకుండా పెట్టుకునే ప్రత్యేక వీలు 1990లో గానీ రాలేదు.

ఈ అనుమానం అమెరికా కనిపెట్టింది కాదు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నేటాల్ చెరుకుతోటలకి కూలీలుగా పోయినవాళ్లలో మన విశాఖ జిల్లా జనమూ ఉన్నారు. ఆ దక్షిణాఫ్రికాలోనే, 1913లో, బాయి మరియం అనే ముస్లిం స్త్రీని మొగుడి దగ్గరికి పోనివ్వలేదు. అతని పేరు హసన్ ఈసప్. బహుభార్యాత్వాన్ని ఒప్పుకునే మతంలో జరిగిన పెళ్లి పెళ్లే కాదని ఆ ఏడు మార్చిలో కేప్ కోర్టు జడ్జి సెర్ల్ తీర్పు చెప్పాడు. ఆ దెబ్బకి హిందువుల, పార్సీల పెళ్లిళ్లు కూడా ఎగిరిపోయాయి. కస్తూర్బా సత్యాగ్రహంలోకి దిగి జైలుకెళ్లింది అందుకే. 1914 చట్టంతో ఒక భార్య వరకు గుర్తింపు దక్కింది. కస్తూర్బా జైలు సంగతి మేం బళ్లో విన్నాం. మరియం పేరు ఏ మాస్టారూ చెప్పలేదు. అందరి పెళ్లిళ్ల కోసం సాగిన ఆ పోరాటం వెనక ఒక సాయిబుల పిల్ల నిఖా ఉందని తెలిస్తే, తరగతిలో మావైపు చూసే చూపు కొంచెం మారేదేమో.

మన సాహిత్యానికొద్దాం. తెలుగువాళ్లకి వీసా పెద్ద కథావస్తువు. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108, సూట్‌కేసులో అత్తగారి ఆవకాయ. తానా, ఆటా సావనీర్లలో మేం చదివినంతలో కాన్సులేటు కిటికీ ముందు నిలబడే పెళ్లికూతురి నుదుట బొట్టుంటుంది. అందులో తప్పు లేదు. మా ఆడాళ్లూ వీసా కోసం దర్గాలకి మొక్కుకుంటారు. బాధేమిటంటే, మా పిల్ల పరదేశం పోవడం తెలుగు పాఠకుడికి ఒకే ఒక్క బొమ్మగా తెలుసు. 1991లో విమానంలో ఏడుస్తున్న చిన్నపిల్లనీ, పక్కనున్న ముసలి అరబ్బునీ చూసి ఒక ఎయిర్‌హోస్టెస్ నిలదీసింది. పాతబస్తీ దరిద్రాన్ని దేశమంతా చూసింది. అది నిజం. మేం సిగ్గుపడాల్సిన నిజం. కానీ డిగ్రీ చదివి, నచ్చినవాణ్ణి ఖుబూలని, పోలీసు సర్టిఫికెట్టూ వైద్యపరీక్షా ఇంటర్వ్యూ తేదీలూ తనే చూసుకున్న పల్లెటూరి సాయిబుల పిల్ల కథ మాకైతే కనిపించలేదు.

మేమూ రాయలేదు. రాస్తే మా ఇంటి సంగతులు బయటపడతాయి. నిఖానామా ఉర్దూలో ఉంది, ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఆమెకి ఉర్దూ చదవడం రాదు. నాతవరం బళ్లో నేర్చింది తెలుగు. తన పెళ్లికాగితంలో ఏముందో అనువాదం చేతికొచ్చాకే మొదటిసారి చదువుకుంది. మెహర్ ఎంతో ఆ రోజు గదిలో విన్నది. అది బాకీ అని రాసుకున్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. పరాయి దేశం అడిగితే తప్ప మా పిల్లకి మా కాగితం మేం చదివి వినిపించలేదు. పరదా గురించి పైన రాసినదంతా ఈ ముక్క పక్కన పెట్టి చదవండి.

హైదరాబాదులో 2008 నుంచి అమెరికా కాన్సులేటున్నా, భార్యలకిచ్చే ఇమిగ్రెంటు వీసాల ఇంటర్వ్యూలకి మనవాళ్లు ముంబై పోవాల్సిందే. ఆమె తునిలో రైలెక్కి వెళ్లింది. కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసింది. ఎలా పరిచయం, పెళ్లికి ఎవరెవరొచ్చారు అని అడిగారట. స్టూడియో ఫోటో పక్కన పెట్టి, పెళ్లినాటిది తీసి, ఇందులో మీ ఆయనేరీ అన్నారట. "ఆయన బయటున్నారు. ముందు నన్నడిగారు. నేనొప్పుకున్నాకే ఆయన్నడిగారు" అంది. ఇంతమందిమి కూచుని ఆలోచించినా మాకు తట్టని జవాబు.

వీసా వచ్చింది. ఆ రాత్రి ఫోన్లో మొగుణ్ణి మెహర్ బాకీ ఎప్పుడిస్తారని అడిగింది. అత్త ఇంకా మాట్లాడ్డం లేదు.