అనాథ అని రాశారు, మా అమ్మ బతికే ఉంది

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమని ఊడ్చేసింది. వేలాదిమంది పోయారు. సముద్రానికి దగ్గర్లో ఉన్న మా గూడెంలో ఒక్క గుడిసె మిగల్లేదు. మా నాయన పోయాడు. అమ్మా నేనూ బతికాం. నాలుగు మెతుకులు దొరుకుతాయని అమ్మే నన్ను బెజవాడ తెచ్చి ఒక మిషను హాస్టల్లో చేర్చింది.

మరుసటి ఏడు వేసవిలో ఒక దొరసాని కెమెరా పట్టుకుని వచ్చింది. ఈస్టరుకి ఇచ్చిన కొత్త చొక్కాలేసుకుని వరసలో నిలబడ్డాం. వార్డెను వచ్చి, "ఒరేయ్, అయ్యి ఇప్పేసి పాతయ్యి తొడుక్కోండి. పళ్లికిలించమాకండి" అన్నాడు. చిరుగుల చొక్కాతో, నవ్వకుండా నా ఫోటో దిగింది.

కాలేజీకి వచ్చాక ఒక చందాల పుస్తకంలో ఆ ఫోటో చూశాను. కింద నా పేరు లేదు. ఇంగ్లీషులో "అనాథ" అని ఉంది. ఆ ఫోటో తీసిన నెలలోనే మా అమ్మ మరమరాల ఉండలు మూట కట్టుకుని, బస్సెక్కి నన్ను చూడ్డానికొచ్చింది. అనాథ ఎవడు?

ఒక మాట దాచకూడదు. అట్టాంటి ఫోటోలు తెచ్చిన డబ్బుతోనే నేను బువ్వ తిన్నాను, చదువుకున్నాను. ఊళ్లో మమ్మల్ని బడి మెట్టెక్కనీయని రోజుల్లో పలక చేతికిచ్చింది మిషను వాళ్లే. ఆ రుణం ఉంది. అయినా మా అమ్మని బతికుండగానే చంపే హక్కు ఆ రుణంలో లేదు.

1994లో కెవిన్ కార్టర్ ఫోటోకి పులిట్జర్ బహుమతి వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నా ఫోటో మళ్లీ గుర్తొచ్చింది. సూడాన్‌లో ఆకలికి నేలకి వంగిపోయిన పసిబిడ్డ, వెనక రాబందు. 1993 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ అచ్చేసిన ఫోటో అది. ఆ బిడ్డ ఒంటరిదనుకుని లోకం కన్నీళ్లు పెట్టుకుంది. తల్లిదండ్రులు తిండి తెచ్చిన విమానం దగ్గరికి పోయారని అక్కడే ఉన్న మరో ఫోటోగ్రాఫర్ జువావ్ సిల్వా తర్వాత చెప్పాడు. అందరూ ఆడపిల్ల అనుకున్నారు. 2011లో ఎల్ ముందో అనే స్పెయిన్ పత్రిక ఆ కుటుంబాన్ని వెతికి పట్టుకుంటే తెలిసింది, మగపిల్లాడని. పద్దెనిమిదేళ్లు లోకం ఆ బొమ్మ చూసి ఏడ్చింది గానీ వాడి పేరు తెలుసుకోలేదు. కార్టర్ రాక్షసుడు కాదు. 1994 జూలైలో ప్రాణం తీసుకున్నాడు. నా తగువు ఆ మనిషితో కాదు, ఆ చూపుతో. ఆ చూపు బిడ్డ పక్కనుంచి తల్లిని తీసేస్తుంది. ఆ ఆకలిని తెచ్చిన యుద్ధాన్నీ తీసేస్తుంది. మిగిలేది జాలి ఒక్కటే.

ఇది తెల్లోళ్ల జబ్బేనని తీర్పు చెప్పే మన పెద్దలు కాస్త కృష్ణా డెల్టా వైపు కూడా చూడాలి. 1938లో "మాలపిల్ల" సినిమా వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం తీశాడు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. ఆ రోజుల్లో అది సాహసమే, కాదన్ను. కానీ అందులో ముడి ఎక్కడుంది? గుడి దగ్గరా, పెళ్లి దగ్గరా. ముడి విడేది ఎప్పుడు? శాస్త్రిగారి మనసు కరిగినప్పుడు. మంటల్లో చిక్కిన ఆయన భార్యని మనవాడు కాపాడాలి, అప్పుడు గాని మనం మనుషులమని ఆయనకి తెలీదు.

సినిమా తీసిన సారథి ఫిలింస్‌కి పెద్దదిక్కు చల్లపల్లి రాజా. దివి తాలూకాలో మా తాతలు చాకిరీ చేసిన పొలాలు ఆ జమీందారీవి. ఆ భూముల కోసం తర్వాత ఎన్ని పోరాటాలు జరిగాయో ఆ తాలూకాలో ఎవర్నడిగినా చెబుతారు. గుడి తలుపు తెరవడానికి సినిమా ఒప్పుకుంది. పొలం గట్టు ఎవరిదంటే జవాబు లేదు. డబ్బు పెట్టినాయన తెర బయట ఉన్నాడు, మాల పిల్ల తెర మీద ఉంది.

మనకి నోరు లేదు కాబట్టి వాళ్లు చెప్పారంటారు. అబద్ధం. ఆ సినిమాకి 21 ఏళ్ల ముందే, 1917లో, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనవాళ్లు ఇదే బెజవాడలో మహాసభ పెట్టారు. పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని తమ పేరు తామే పెట్టుకున్నారు. ఎక్కడ గుళ్లోకి వస్తారోనని ఆ రోజుల్లో కనకదుర్గ గుడి మూసేశారని చెబుతారు. నోరుంది. వినే చెవే లేదు.

అసలు ఫోటోలే వద్దని నేననను. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లు ఎనిమిదిమందిని నరికినప్పుడు ఫోటోలు కావాల్సొచ్చింది. కానీ అక్కడ ఫోటో దగ్గర ఆగలేదు. శవాల్ని ఊరి నడుమ పూడ్చి రక్తక్షేత్రం అన్నారు. ప్రత్యేక కోర్టు ఊళ్లోకే వచ్చింది. కూలోళ్లు బోనెక్కి తమ పేరు చెప్పి, చంపినోళ్ల పేర్లు చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. న్యాయం దక్కలేదు. అయినా ఆ సాక్ష్యంలో బాధితుడూ ఉన్నాడు, బాధపెట్టినోడూ ఉన్నాడు. దొరసాని ఫోటోలో లేనిది, మాలపిల్లలో లేనిది అదే.

ఈ కొలతబద్ద నా మీద కూడా పెట్టుకోవాలి. నేనిప్పుడు బెజవాడలో జీతగాణ్ణి. ఉప్పెన సంగతులు రాద్దామని టేప్ రికార్డరుతో గూడేనికి పోయాను. మా మేనత్త గంటసేపు చెప్పింది. చెప్పి, "ఏరా అబ్బాయ్, ఇదంతా పుత్తకంలో ఏత్తావు గందా, నా పేరెడతావా, నీ పేరెడతావా?" అని అడిగింది.

ఆమె పేరే పెడతానన్నాను. "అయితే సదివి ఇనిపిచ్చు. తప్పుంటే నే సెప్తా" అంది. రాసిన కాగితాలు పట్టుకుని వచ్చే ఆదివారం మళ్లీ పోవాలి.