మూడు పిన్నులూ ఒక చుక్క టంకమూ

ఉగాది సాయంత్రం. పిల్లలు వేదిక మీద భంగిమ పట్టి నిలబడ్డారు. ల్యాప్‌టాప్‌లో సినిమా పాట మొదలైంది. వయొలిన్ల గుంపు వినబడుతోంది, ఎక్కడో నీటి అడుగు నుంచి వచ్చినట్టు ప్రతిధ్వని వినబడుతోంది, గొంతు మాత్రం లేదు. ఫైలు పాడైందని ఒకరంటారు, మిక్సర్ పాతదైపోయిందని ఇంకొకరంటారు. నిజానికి రెండూ బాగానే ఉంటాయి. తప్పు ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కు వేసిన కేబుల్‌ది.

ఆ కేబుల్‌కు ఒక చివర 3.5 మిల్లీమీటర్ల స్టీరియో జాక్, మరో చివర మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్. ఎడమ చానెల్ రెండో పిన్నుకు, కుడి చానెల్ మూడో పిన్నుకు చేరతాయి. మిక్సర్ మైక్ ఇన్‌పుట్ ఏం చేస్తుందంటే, రెండో పిన్ను మీద వచ్చినదాంట్లోంచి మూడో పిన్ను మీద వచ్చినదాన్ని తీసివేస్తుంది. సినిమా పాటలో గొంతూ బేసూ సాధారణంగా రెండు చానెళ్లలో సమానంగా ఉంటాయి. సమానమైనవాటిని తీసివేస్తే మిగిలేది సున్నా. చివరికి పక్కలకు పరిచిన వాయిద్యాలే బతికి బయటపడతాయి.

దుబాయ్ ఊద్ మేథాలోని ఇండియన్ హైస్కూల్ షేక్ రషీద్ ఆడిటోరియంలోనైనా, షార్జా ఇండియన్ అసోసియేషన్‌లోనైనా, అబుదాబీ ఇండియా సోషల్ అండ్ కల్చరల్ సెంటర్‌లోనైనా భారతీయ సంఘాల కార్యక్రమాలకు హాలు దొరికేది కొన్ని గంటలే. రిహార్సల్, సౌండ్ చెక్, ప్రదర్శన అన్నీ ఆ గంటల్లోనే అయిపోవాలి. వారం సెలవు శుక్రవారంగా ఉన్నన్నాళ్లూ ఇంకో ఇబ్బంది ఉండేది. ఉదయం కేబుల్ తెగితే, మధ్యాహ్నం ప్రార్థనలయ్యేదాకా చాలా దుకాణాలు తెరిచేవారు కాదు. 2022 జనవరిలో ప్రభుత్వ వారాంతం శని, ఆదివారాలకు మారింది. అయినా తెర లేవడానికి ముందు బర్ దుబాయ్ అల్ ఫహీదీ వీధి దాకా వెళ్లి వచ్చే తీరిక ఇప్పటికీ ఎవరికీ ఉండదు. అందుకే సౌండ్ చూసుకునేవాళ్ల పెట్టెలో సోల్డరింగ్ ఐరన్, టంకం, నాలుగు కనెక్టర్లు ఉండాలి.

ఊళ్లో మైక్ సెట్టు అద్దెకిచ్చే షాపు తెలిసినవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. అహూజా ఆంప్లిఫయర్ పక్కన స్టూలు మీద కూర్చుని, షీల్డు వైరు చివర ఒలిచి, పి-38 జాక్ అతికించే కుర్రాణ్ణి తెలుగు పల్లెల్లో చాలామంది చూసే ఉంటారు. ఆ జాక్ 19వ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్‌చేంజీల నుంచి వచ్చింది. ఎక్స్‌ఎల్‌ఆర్‌ను తయారుచేసింది లాస్ ఏంజెలెస్‌లోని కానన్ కంపెనీ. మన మెకానిక్‌లు దాన్ని ఇప్పటికీ ‘కానన్’ అనే పిలుస్తారు.

పాటను మింగేసిన ఆ తీసివేతే మైకును కాపాడుతుంది కూడా. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. మిక్సర్ దాన్ని 60 డెసిబెళ్లు పెంచితే 1000 రెట్లవుతుంది. దారిలో చేరిన రొదా అంతే పెరుగుతుంది. అందుకని కేబుల్‌లో రెండు తీగలను మెలివేసి పక్కపక్కనే నడిపిస్తారు. బయటి రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది, మిక్సర్ తీసివేసేసరికి పోతుంది. మైకు సంకేతం మాత్రం రెండు తీగల మధ్య తేడాగా వస్తుంది కనుక నిలుస్తుంది. రెండు తీగలకు బదులు నాలుగు మెలివేసే స్టార్ క్వాడ్ కేబుల్ లైట్ల డిమ్మర్ల పక్క నుంచి వెళ్లాల్సిన చోట ఇంకా బాగా పనిచేస్తుంది. అందులో ఎదురెదురు తీగలను జతకట్టి ఒక్కో జతను ఒక్కో పిన్నుకు అతికించాలి.

ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్. దాని హమ్ 50 దగ్గరే ఆగదు, 100 దగ్గరా 150 దగ్గరా కూడా పలుకుతుంది. తంబూరాను ఒకటో శ్రుతిలో, అంటే సి స్వరంలో పెడితే, కింది పంచమం 98 హెర్ట్జ్. పక్కనే 100 హెర్ట్జ్ హమ్. కచేరీలో ఈ రొద వెనకాల ఎక్కడో పడి ఉండదు, పంచమం పక్కన కూర్చుని అపశ్రుతి పాడుతుంది.

కేబుల్ తయారీ చేతికి అలవాటు కావాల్సిన పని. వేదిక మీద రోజూ చుట్టి విప్పే కేబుల్‌కు తీగల చుట్టూ అల్లిన షీల్డు మేలు. రేకు షీల్డు గోడలో కదలకుండా పడి ఉండే తీగకు సరిపోతుంది. ముందు కనెక్టర్ వెనక తొడుగును కేబుల్‌కు ఎక్కించాలి. అది మరిచిపోయి, అంతా అతికించాక మళ్లీ విప్పినవాళ్లే ఎక్కువ. పైతొడుగును సుమారు 2 సెంటీమీటర్లు ఒలవాలి, బ్లేడు షీల్డుకు తగలకూడదు. షీల్డు పోగులను ఒక్కటీ తెంచకుండా విప్పి, మెలిపెట్టి, దానికి స్లీవ్ వేయాలి. తీగ చివరలకూ పిన్ను గిన్నెలకూ విడివిడిగా టంకం పట్టించి, తర్వాత రెండింటినీ కలిపి వేడి చేయాలి.

63/37 సీసపు టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం లేనిదానికి 217 పైన కావాలి. ఐరన్ మొనను ఎక్కువసేపు ఆనిస్తే తీగ తొడుగు కరుగుతుంది. రెండు మూడు సెకన్లలో పని ముగించి, చల్లారేదాకా తీగను కదపకూడదు. కదిపితే డ్రై సోల్డర్ అవుతుంది. చూడ్డానికి అతికినట్టే ఉండి, పాట మధ్యలో గరగరలాడుతుంది. వేడికి పిన్నులు వంకరపోకుండా ఇంకో కనెక్టర్‌ను జత చేసి ఉంచి సోల్డర్ చేయడం అనుభవజ్ఞుల పద్ధతి. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోనిదే సమోసా ముట్టుకోకూడదు.

షీల్డు ఒకటో పిన్నుకు, రెండో పిన్ను హాట్, మూడోది కోల్డ్. ఒకటో పిన్నును కనెక్టర్ లోహపు ఒంటికి కలపకుండా వదిలేయడం మంచిది. కలిపితే ఆ కనెక్టర్ ఏ లైట్ల ఇనుప స్టాండుకో తగిలి కొత్త హమ్ దారి తెరుస్తుంది.

తర్వాత మల్టీమీటర్ బజర్. ఒకటికి ఒకటి, రెండుకు రెండు, మూడుకు మూడు మోగాలి, అడ్డదిడ్డంగా ఏదీ మోగకూడదు. ఒక చివర రెండూ మూడూ తారుమారైతే ఆ కేబుల్ ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరికీ తెలియదు. అదే గాయకుడి ముందు రెండో మైకు పెట్టగానే గొంతు పలచబడుతుంది. ల్యాప్‌టాప్ కేబుల్‌నూ ఇదే జాగ్రత్తతో చేసుకోవాలి. ఒక స్టీరియో జాక్ నుంచి రెండు జాక్‌లుగా విడదీసి, ఎడమను ఒక లైన్ ఇన్‌పుట్‌కు, కుడిని మరోదానికి ఇవ్వాలి. ఒకే ఇన్‌పుట్ ఖాళీగా ఉంటే ఒక్కో చానెల్‌కు సుమారు 470 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి కలపాలి. పిల్లల పాటలో గొంతు తిరిగి వస్తుంది.

గల్ఫ్ వేసవి కేబుళ్లకు గట్టి పరీక్ష. ఎండలో నిలిపిన వ్యానులో టేపు జిగురు కరిగి పైతొడుగంతా బంకవుతుంది. అందుకే నూలు తాడుతో కట్టడం మేలు. ఏసీ గది నుంచి సముద్రపు తేమలోకి తెచ్చిన కనెక్టర్ మీద నీరు పడుతుంది. కాసేపు ఆరనిచ్చాకే మిక్సర్‌కు తగిలించాలి. మోచేతికి చుట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ప్రతి చుట్టుకూ కేబుల్ లోపల ఒక మెలి పడుతుంది. ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు లోపలికి తిప్పి వేస్తే, విసిరినప్పుడు ముడిపడకుండా తిన్నగా పరుచుకుంటుంది.

కొన్న కేబుల్ కన్నా చేసుకున్నది ఎప్పుడూ చౌకగా పడుతుందని కాదు. కావలసిన పొడవులో వస్తుంది, లోపల ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలుస్తుంది, తెగితే బాగుచేసుకోవచ్చు. తెగడం కూడా చాలావరకు కనెక్టర్ దగ్గరి జానెడులోనే. ఆ జానెడు కోసి, మళ్లీ ఒలిచి, అదే కనెక్టర్‌ను అతికిస్తే ఇంకొన్నేళ్లు పాడుతుంది. పారదర్శక స్లీవ్ కింద పెట్టిన చీటీ మీద 10 మీటర్లని ఉన్నదాన్ని 9.8గా మార్చి రాస్తారు. పాత పెట్టెల్లో 9.2 అని రాసి ఉన్నవీ ఉంటాయి.