మంచి సినిమాలో మూగ మనిషి

రచయితలు నలుగురు ఒకచోట కూడితే మంచి సినిమాల ప్రస్తావన రాక మానదు. ఎవరి జాబితా వాళ్ళు విప్పుతారు. చిత్రమేమంటే అన్ని జాబితాలూ దాదాపు ఒకటిగానే ఉంటాయి. డిసికా ‘బైసికిల్ థీవ్స్’ (1948), సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ (1955), బిమల్ రాయ్ ‘దో బిఘా జమీన్’ (1953), బెనెగల్ ‘అంకుర్’ (1974), మృణాల్‌సేన్ ‘మృగయా’ (1976). మన భాషలో ‘ఒక ఊరి కథ’ (1977), ‘మా భూమి’ (1980), ‘దాసి’ (1988). ఈ జాబితాతో పేచీ లేదు. ఇవి మంచి సినిమాలే. వీటిని చూసి ఒక తరం తెలుగు కథకులు మనిషిని దగ్గరగా చూడడం నేర్చుకున్నారు. కానీ ఇష్టాలు చెప్పుకోవడంతో చర్చ ముగిసిపోతే అది కాలక్షేపమే అవుతుంది. ఎక్కడ నిలబడి చూస్తే ఈ సినిమా మంచిదయింది? ఆ చోటు మారితే ఇంతే మంచిదిగా కనిపిస్తుందా? విమర్శకుడు అడగవలసిన ప్రశ్నలివి.

ఈ వ్యాసం నిలబడి చూస్తున్న చోటు ఖమ్మం - భద్రాచలం అడవి అంచు. ఇది మామూలు అంచు కాదు. ఒక వంక ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనులు, పాల్వంచ విద్యుత్ కేంద్రం, సారపాక కాగితం మిల్లు. ఇంకో వంక కోయ గూడేలు, కొండరెడ్ల పల్లెలు, పోడు చేలు, తునికాకు కల్లాలు. ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలై 1889 నాటికే ఈ ప్రాంతం దేశ పారిశ్రామిక చరిత్రలోకి ఎక్కింది. గిరిజనుల భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని 1959లో ఒక రెగ్యులేషన్, దాన్ని గట్టిచేస్తూ 1970లో మరొకటి వచ్చాయి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఇన్ని చట్టాలు అవసరమయ్యాయంటేనే భూమి ఎటు పోతూ వచ్చిందో తెలుస్తుంది. ఈ చోటి నుంచి చూస్తే మనం మెచ్చిన సినిమాలు కొన్ని ఇంకా ఎత్తుగా కనిపిస్తాయి, కొన్నింట్లో ఇంతకాలం కనిపించని ఖాళీలు కనిపిస్తాయి.

ముందు తెలుగు సినిమా ఈ ప్రాంతాన్ని ఎట్లా చూసిందో గమనిద్దాం. తెలుగు ప్రేక్షకుడికి భద్రాచలం అనగానే రామదాసు. చిత్తూరు నాగయ్య ‘భక్త రామదాసు’ 1964లో వచ్చింది, రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’ 2006లో. స్థలపురాణం ప్రకారం రాముడి విగ్రహాలను మొదట కనుగొని, తాటాకు పందిరి వేసి, పండ్లు నివేదించింది పోకల దమ్మక్క అనే అడవి స్త్రీ. కథకు ఆమె ద్వారం. ఆ ద్వారం గుండా తాసీల్దారు గోపన్న లోపలికి వస్తాడు. ఆ తర్వాత గుడి, పన్ను సొమ్ము, గోల్కొండ చెరసాల, తానీషా - కథంతా కచేరీలోకీ కోటలోకీ పోతుంది. దమ్మక్క భక్తి తెరకు కావాలి. ఆమె కట్టుకున్న గుడిసె, ఆమె దున్నుకున్న నేల, ఆ తర్వాత ఆమె జనం ఏమయ్యారన్న సంగతి మాత్రం అక్కర్లేదు. గుడి లేచిన కొద్దీ గూడెం ఫ్రేమునుంచి తప్పుకుంటుంది.

ఆ ఊరికి పోయే దారి మీద కూడా రెండు సినిమాలున్నాయి. బాపు ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006). రెండింటిలోనూ లాంచీ రాజమండ్రి నుంచి భద్రాచలానికి ఏటికెదురు పోతుంది. రెండూ ముచ్చటైన చిత్రాలే. మొదటిదానిలో ముళ్ళపూడి మాటల చురుకు లాంచీనే ఒక చిన్న సమాజంగా నిలబెడుతుంది. అయితే ఆ సమాజమంతా లాంచీలోనే ఉంటుంది. పాపికొండలు వెనక్కి జరుగుతుంటాయి, ఒడ్డు మీది మనుషులు కొండల్లో కలిసిపోతారు. నదిని ప్రయాణికుడి కళ్ళతో చూడడమంటే ఇదే. ఆ ఒడ్డున కూనవరం ఉంది, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. వర రామచంద్రపురం, వేలేరుపాడు ఉన్నాయి. పోలవరం ముంపు పేరుతో 2014లో ఏడు మండలాలను, భద్రాచలం పట్టణాన్ని మాత్రం వదిలి, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. సినిమాల్లో ప్రకృతి దృశ్యంగా మనం చూసి ఆనందించిన ఆ ఒడ్లు ముంపు పటంలో ఉన్న ఊళ్ళు. ఆ రెండు చిత్రాలను ఈనాడు మళ్ళీ చూసే విద్యార్థి కథానాయికా నాయకులను వదిలి ఒక్కసారి ఒడ్డుమీద దృష్టి పెట్టి చూడాలి. కెమెరా అనుకోకుండా పట్టిన చరిత్ర అక్కడ దొరుకుతుంది.

అడవినే రంగంగా చేసుకున్న వ్యాపార చిత్రాల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ‘అడవి రాముడు’ (1977)లో అడవిని కాపాడే వీరుడు అటవీ అధికారి. పోడు కొట్టుకున్నందుకు కేసు పెట్టించుకున్న మనిషికి ఆ వీరుడి ఖాకీ గుడ్డ వేరే అర్థం ఇస్తుంది. ‘అల్లూరి సీతారామరాజు’ (1974) అంతకంటె చాలా గంభీరమైన ప్రయత్నం. 1922-24 మన్యం పోరాటాన్ని కోట్లమందికి చేర్చింది. అయినా అందులో పోరాడే జనం నాయకుడి చుట్టూ గుమికూడిన సమూహమే. ముఠాదారుల పెత్తనం, రోడ్ల వెట్టి, పోడు మీద ఆంక్షలు - ఇవి లేకుండా ఆ తిరుగుబాటు లేదు. వాటి బరువు మోసినవాళ్ళకు తెరమీద దక్కింది జయజయధ్వానం పలికే పని.

వ్యాపార సినిమా ఇట్లా చేసిందంటే ఆశ్చర్యం లేదు. మన ప్రశ్న మంచి సినిమాతోనే.

రాయ్ ‘అరణ్యేర్ దిన్ రాత్రి’ (1970) తీసుకుందాం. కలకత్తా నుంచి నలుగురు యువకులు పలామూ అడవికి విహారానికి వస్తారు. అనుమతి లేకుండా అటవీ బంగళాలో దిగుతారు, కావలివాడి చేతిలో డబ్బు పెడతారు. వాడి భార్య జబ్బుగా ఉందన్న సంగతి వాళ్ళకు పట్టదు. పట్నం చదువరి అహంకారాన్ని ఇంత నెమ్మదిగా, ఇంత నిర్దాక్షిణ్యంగా విప్పిన సినిమా మరొకటి చూపడం కష్టం. కానీ ఆ సినిమాలోనే సంతాల్ యువతి దూలీ ఉంది. ఆ పాత్రను బొంబాయి నటి సిమీ గరేవాల్ ఒంటికి నల్లరంగు పూసుకుని నటించింది. కావలివాడి గుడిసెలోకి తొంగిచూడగలిగిన దర్శకుడు దూలీ విషయంలో ఆ యువకుల చూపునే అరువు తెచ్చుకున్నాడు. వాళ్ళను ఎగతాళి చేసిన కెమెరా ఆమె దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ పక్షానే నిలబడింది.

ఇక మౌనం సంగతి. ‘అంకుర్’లో కుమ్మరి కిష్టయ్య చెవిటి, మూగ. గోవింద్ నిహలానీ ‘ఆక్రోశ్’ (1980)లో ఆదివాసి లహాన్యా భీకూ భార్యను చంపాడన్న నేరం మోపబడి కోర్టులో నిలబడతాడు. తన వకీలుతో సైతం పెదవి విప్పడు. నిజానికి ఆమెను చెరిచి చంపినవాళ్ళు ఊరి పెద్దమనుషులు, అటవీ కంట్రాక్టరుతో సహా. నిజం చెబితే చెప్పవలసింది వాళ్ళ కోర్టులోనే గనక అతను మాట్లాడడు. ఇది తెలివితక్కువ మౌనం కాదు, అంతా తెలిసిన మౌనం. తండ్రి చితి దగ్గర తన చెల్లెలికి రాబోయే గతి ఊహించి, గొడ్డలి లాక్కుని ఆమెనే నరికి, అప్పుడు వేసిన కేక భారతీయ సినిమాలో మరిచిపోలేని శబ్దాల్లో ఒకటి. ఆ సినిమాలోనే ప్రభుత్వ వకీలు దుశానే కూడా ఆదివాసే. కోర్టు భాష నేర్చుకున్న ఆదివాసికి దొరికిన ఉద్యోగం, భాష లేని ఆదివాసిని శిక్షింపజేయడం. విజయ్ తెండూల్కర్ రచనలో ఉన్న వాడి ఇది.

ఇంత గొప్పగా వాడిన మౌనాన్ని తప్పుపట్టలేం. ఒక్క సినిమాగా చూస్తే అది శిల్పం. కానీ సినిమా తర్వాత సినిమాగా చూస్తే అది అలవాటు. కిష్టయ్య మూగ, లహాన్యా మౌని, దూలీ మత్తులో నవ్వే బొమ్మ. ‘దాసి’లో కమలాక్షి కూడా గడీ గోడల మధ్య ఎక్కువగా చూపుతోనే బతుకుతుంది. అర్చన నటన, ఏ.కె. బీర్ ఛాయాగ్రహణం, వైకుంఠం కళ కలిసి ఆ చూపుకు అసాధారణమైన బలమిచ్చాయి, మూడింటికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. అయినా ప్రశ్న ప్రశ్నే. పీడితుడు మౌనంగా ఉన్నంతసేపూ అతని గురించి మాట్లాడే అవకాశం మధ్యతరగతి వకీలుకూ, మధ్యతరగతి దర్శకుడికీ, మధ్యతరగతి విమర్శకుడికీ మిగులుతుంది. ఆ మౌనంలో కొంత భాగం అతని మీది దోపిడీది. కొంత భాగం అతని భాష రాని మనది. రెండింటినీ కలిపి ‘కళాత్మక మౌనం’ అని మెచ్చుకుంటే రెండోదాన్ని దాచినట్టవుతుంది.

‘మృగయా’ ఈ అలవాటును కొంత బద్దలు కొట్టింది. ఒరియా కథకుడు భగవతీచరణ్ పాణిగ్రాహి కథ దానికి ఆధారం. ఘినువా వేటగాడు, క్రూరమృగాలను కొట్టి దొర దగ్గర బహుమతులు పొందేవాడు. తిరుగుబాటుదారుడి తల తెచ్చినవాడికి కూడా అదే దొర బహుమతి ఇవ్వడం చూశాడు. తన భార్యను ఎత్తుకుపోయిన షావుకారును చంపి, అడవిలోకెల్లా ప్రమాదకరమైన జంతువును వేటాడానంటూ దొర ముందు నిలబడతాడు. బహుమతి బదులు ఉరి. ఇక్కడ ఆదివాసి జాలిపడవలసిన బాధితుడుగా మిగలలేదు. అతనికొక తర్కం ఉంది, ఆ తర్కం ముందు చట్టం సమాధానం లేక నిలబడింది. మన అడవి అంచు సంతల్లో అప్పు పద్దు కింద పోయిన ఇప్పపువ్వు, చింతపండు, ఆ వెనుక పోయిన చేను తెలిసినవాళ్ళకు ఘినువా తర్కం వివరించనక్కర్లేదు.

అదే మృణాల్‌సేన్ మరుసటి ఏడు ప్రేమ్‌చంద్ ‘కఫన్’ను తెలంగాణ పల్లెకు తెచ్చి ‘ఒక ఊరి కథ’ తీశాడు. కష్టపడితే లాభం ఆసామికే గనక పనే చేయననే వెంకయ్య ఘినువాకు దూరపు చుట్టమే. సోమరితనాన్ని కూడా ఒక వాదంగా వినిపించిన ధైర్యం అందులో ఉంది.

‘మా భూమి’ దగ్గర ఇంకొంచెం ఆగాలి. కిషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు బృందం తీసిన ఆ చిత్రం సాయుధ పోరాటాన్ని తెరకెక్కించడంతో ఆగలేదు. అప్పటిదాకా తెలుగు సినిమాలో హాస్యగాడి నోటికో రౌడీ నోటికో పరిమితమైన తెలంగాణ పలుకును దుఃఖానికీ కోపానికీ ఆలోచనకూ తగిన భాషగా నిలబెట్టింది. జనం ఆ సినిమాను తమదిగా చేసుకోవడానికి కథ ఎంత కారణమో ఆ పలుకూ అంతే కారణం. మన నోటి మాట తెరమీద గౌరవంగా వినిపిస్తే ఏమవుతుందో 1980లో మనకు అనుభవమయింది.

ఆ అనుభవం మనమీద ఒక బాధ్యత పెట్టింది, దాన్ని మనం తీర్చలేదు. 1948 సెప్టెంబరు సైనిక చర్య తర్వాత దళాలు గోదావరి అడవుల్లోకి జరిగాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా పాల్వంచ, ఇల్లెందు అడవుల్లో వాళ్ళకు అన్నం పెట్టినవాళ్ళు కోయలు. అందుకు శిక్షగా గూడేలు తగలబెట్టి జనాన్ని శిబిరాల్లోకి తోలారు. పుచ్చలపల్లి సుందరయ్య పోరాట చరిత్రలో ఈ ఘట్టం నమోదయింది. మంచి తెలుగు సినిమా ఆ ఘట్టాన్ని పట్టుకోలేదు. పట్టుకుంటే ఏ భాషలో తీయాలి? ద్రావిడ కుటుంబంలో గోండికి దగ్గరిదైన కోయ భాష మన మంచి సినిమాలో ఒక పూర్తి సంభాషణగానైనా వినిపించదు. కోస్తా తెలుగు తెలంగాణ తెలుగుకు చేసిన అన్యాయం గురించి గట్టిగా మాట్లాడిన మనమే కోయ విషయంలో కోస్తావాళ్ళమయ్యాం.

ఇది సాధ్యం కాదని కొందరంటారు. ఎవరికీ అర్థంకాని భాషలో సినిమా ఎవరు చూస్తారని అడుగుతారు. ఇటలీలో విస్కోంటి 1948లోనే ‘లా తెర్రా త్రేమా’ తీశాడు. సిసిలీ తీరాన ఒక పల్లె బెస్తవాళ్ళే నటులు, వాళ్ళ యాసే భాష. అది తక్కిన ఇటలీవాళ్ళకే అర్థంకాదు గనక వ్యాఖ్యానం జోడించవలసి వచ్చింది. కష్టం ప్రేక్షకుడి మీద పెట్టాడుగాని బెస్తవాడి నాలుక కోయలేదు.

బొలీవియాలో హోర్హె సాన్హినెస్ అనుభవం ఇంకా విలువైనది. 1969లో అతను కెచువా ఆదివాసుల భాషలో ‘యావార్ మాల్కు’ - కాండోర్ పక్షి నెత్తురు - తీశాడు. ఆదివాసి స్త్రీలకు చెప్పకుండా గర్భం రాని ఆపరేషన్లు చేస్తున్న విదేశీ బృందం కథ అది. ఆ చిత్రం రేపిన కలవరం కూడా తోడై 1971లో అమెరికా ‘పీస్ కోర్’ ఆ దేశం వదలవలసి వచ్చింది. అంత విజయం తర్వాత కూడా సాన్హినెస్ తన శిల్పాన్ని తానే నిలదీశాడు. కథ వెనక్కీ ముందుకీ దూకడం, ఒక్క నాయకుడి ముఖాన్నే దగ్గరగా చూపడం పట్నం అలవాట్లని, సమష్టిగా బతికే పల్లెజనం కథ వినే తీరు అది కాదని గ్రహించాడు. 1967లో గని కార్మికుల మీద సైన్యం జరిపిన హత్యాకాండ గురించి 1971లో తీసిన చిత్రంలో బతికి మిగిలినవాళ్ళచేతనే వాళ్ళ పాత్రలు వేయించాడు. వస్తువు ప్రజలదయితే చాలదు, శిల్పం కూడా ప్రజల దగ్గర నేర్చుకోవాలన్నది ఆ పాఠం. గనీ అడవీ పక్కపక్కనే ఉన్న మన ప్రాంతానికి ఇంతకంటె దగ్గరి పాఠం లేదు.

మన దగ్గర నేర్చుకోవడానికి ఏముందంటే, ఉంది. కోయల్లో డోలివాళ్ళు పడిగెలు విప్పుతారు. బట్టమీద బొమ్మల్లో వంశాల కథలు, వేల్పుల కథలు ఉంటాయి. డోలి వాయిస్తూ ఆ కథ పాడతారు. బొమ్మ, పాట, వరస, చుట్టూ కూర్చుని మధ్యలో సరిదిద్దే జనం - సినిమా ఈ అడవికి రాకముందే ఇక్కడొక దృశ్యకథ ఉంది. మణుగూరు దగ్గరి డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. సన్మానం అందినంత త్వరగా ఆ కథా పద్ధతి మన కథకుల, దర్శకుల చేతికి అందలేదు. ఆ పద్ధతి తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. నదీతీరపు గూడేలు చెదిరితే పాడేవాడితో పాటు సరిదిద్దేవాళ్ళూ చెదురుతారు.

కాబట్టి మంచి సినిమాల చర్చను జిల్లా కేంద్రపు హాలులో ముగించకూడదు. ‘మృగయా’ను, ‘ఆక్రోశ్’ను, ‘మా భూమి’ని గూడేల్లో వేయాలి. కోయ తెలిసినవాళ్ళు పక్కన నిలబడి మాట చెప్పాలి. ఎక్కడ నవ్వారు, ఎక్కడ లేచిపోయారు, ఏది అబద్ధమన్నారు - అది రాసుకోవాలి. అంతకుమించిన సినిమా సమీక్ష మనలో ఎవరూ రాయలేరు. కోయ ఇళ్ళనుంచి వచ్చి డిగ్రీలు చదువుతున్న పిల్లలు ఈనాడు ఉన్నారు, కెమెరా అందుబాటులోకి వచ్చింది. సాహిత్య సంఘాలు వాళ్ళను వేదికమీద నృత్యానికి పిలవడం తగ్గించి, స్క్రిప్టు చర్చకు పిలవాలి. లహాన్యా ఎందుకు మాట్లాడలేదో మనం ఇన్నేళ్ళుగా వివరిస్తున్నాం. అతని భాషలో అతని మనుమడు ఏం చెబుతాడో కూర్చుని వినే పని ఇంకా మొదలు కావలసే ఉంది.